వడ్రంగమునకు గ్రంథసహాయము

గుంటూరునుండి దక్షిణముగా చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి, ఒంగోలు వరకును, పడమరగా నరసరావుపేట దాటి పల్నాటివరకును పరచుకొనియున్న నల్లరేగడి మైదానములో ప్రత్తిచేలును మిరపతోటలును రైతునకు అన్నము పెట్టుచున్నవని అందరును ఎరుగుదురు గాని, ఆ చేలలో విత్తనము సాలుతప్పక పడుటకు గొర్రును, అంతరకృషికి దంతెను, నేల చదును చేయుటకు గుంటకను, పంట ఇల్లు చేరుటకు రెండెడ్ల బండిని సమకూర్చిపెట్టిన వడ్రంగిని స్మరించువారు నేడు అరుదు. ఒంగోలు గిత్తల బలమును లోకము మెచ్చినది. ఆ బలమును నేలకు అందించిన కాడిని చెక్కినవాని పేరు ఎవరును వ్రాసి యుంచలేదు.

ఆ వడ్రంగి తన విద్యను ఏ బడిలోను చదివినవాడు కాడు. తండ్రి బాడిసతో చెక్కుచుండగా మొద్దు కదలకుండ అదిమిపట్టుట అతనికి మొదటి పాఠము. ఉలులకు సానపట్టుట రెండవ పాఠము. ఏండ్లు గడచి, తన చేయి తన మాట వినుట మొదలిడిన తరువాతనే తండ్రి అతనికి మంచి కొయ్యను అప్పగించెడివాడు. కల్లములో ధాన్యపురాశి లేచినప్పుడు రైతు కొలిచి యిచ్చిన మేరతో ఆ కుటుంబము సంవత్సరము గడపుకొనెడిది. విద్య ఇంటిలో పుట్టి ఇంటిలోనే పెరిగినందున దానికి గట్టిదనము చేకూరినది. ఆ ఇంట పుట్టనివానికి అది అందరానిదిగా ఉండుటయు ఆ కారణముచేతనే జరిగినది. ఇప్పుడు ట్రాక్టరు వచ్చి నాగలిని, కాడిని, బండిని మూలకు నెట్టినది. ప్లైవుడ్ పలకలును, యంత్రములు కోసియిచ్చు తలుపులును పట్టణములనుండి పల్లెకు దిగినవి. వడ్రంగుల బిడ్డలు వేరు కొలువులకు వెడలుచున్నారు. తండ్రినుండి కొడుకునకు పారిన ప్రవాహము ఇట్లు సన్నగిల్లుచుండగా, మరియొక ప్రక్కన ఉపాధ్యాయులు, ఉద్యోగవిరతులు, చదువుకొనుచున్న యువతీయువకులు తమ చేతితో ఒక పీటనో అలమరనో చేసికొనవలెనను ఉత్సాహముతో పుస్తకములను ఆశ్రయించుచున్నారు. గురువు చెంత లేనప్పుడు గ్రంథము ఈ విద్యను ఎంతవరకు నేర్పగలదు? ఏది నేర్పజాలదు? ఈ ప్రశ్నలను మన ప్రాంతపు మనుష్యులు కొంచెము నిదానముగా ఆలోచింపవలసిన సమయము వచ్చినదని నా తలంపు.

మన దేశమున దారుకర్మ గ్రంథస్థము కాకపోలేదు. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో, ప్రతిమలకు తగిన వృక్షమును అడవిలో ఎన్నుకొను విధమును తెలుపుటకు ఒక అధ్యాయమును, మంచములును ఆసనములును ఏ కొయ్యతో ఏ కొలతలతో చేయవలెనో చెప్పుటకు మరియొక అధ్యాయమును కలవు. దక్షిణదేశపు శిల్పశాస్త్రమైన మయమతములో ఒక అధ్యాయమంతయు సంధికర్మకు, అనగా కొయ్యకు కొయ్యను అతుకు విధానములకు, కేటాయింపబడినది. స్తంభములను అతుకునట్టి అయిదు సంధులకు అందు మేషయుద్ధము, త్రిఖండము, సౌభద్రము, అర్ధపాణి, మహావృత్తము అను నామములు కూడ కానవచ్చుచున్నవి. అయినను ఇవి సంస్కృత శ్లోకములలో బిగించిన లక్షణములు. పని ముందే తెలిసినవానికి జ్ఞాపకమును నిలుపుటకు ఇవి సాయపడునే గాని, ఉలి పట్టుట యెరుగనివానిని చేయిపట్టి నడిపించుటకు చాలవు. ఆ లోపమును గురుముఖము పూరించుచుండెడిది.

సామాన్యపాఠకునికై వ్రాయబడిన వడ్రంగపు పుస్తకము వేరొక జాతికి చెందినది. 1670ల చివర లండనులో జోసెఫ్ మాక్సన్ అను ముద్రాపకుడు కమ్మరము, వడ్రంగము, తరిమెనపని మొదలగు వృత్తులను వర్ణించుచు విడివిడి సంచికలుగా ఒక గ్రంథమును ప్రకటింప నారంభించెను. పనిముట్ల బొమ్మలను గీయించి, వానికి అక్షరములతో గుర్తులిచ్చి, ఏది ఎట్లు పట్టవలెనో ఎట్లు నడుపవలెనో వాక్యములలో చెప్ప యత్నించిన తొలి ఆంగ్లగ్రంథములలో అది యొకటి. చేతి నేర్పు మాటలవలన రాదనియు, అభ్యాసమువలననే అబ్బుననియు ఆయన తన గ్రంథములోనే ఒప్పుకొనుట గమనింపదగినది. అటుతరువాత 1769 మొదలుకొని పారిస్ నగరమున ఆంద్రే రూబో, తాను స్వయముగా వడ్రంగియై యుండియు, తన వృత్తినంతటిని వందలకొలది చిత్రఫలకములతో సంపుటములుగా వెలువరించెను. 19వ శతాబ్ది ద్వితీయార్ధమున స్వీడను దేశములోని నాస్ అనుచోట ఒట్టో సాలొమన్ ఉపాధ్యాయులకు కొయ్యపనిలో శిక్షణ నిచ్చుచు, సులభమైన వస్తువుతో ప్రారంభించి ఒక్కొక్క మెట్టునను ఒక్కొక్క కొత్త కష్టమును చేర్చునట్టి నమూనాల వరుసను కల్పించెను. ఈనాడు వెలువడుచున్న మంచి వడ్రంగపు పాఠ్యగ్రంథములన్నిటి వెనుకను ఆ క్రమమే కనిపించును.

మన ప్రత్తినేలకు సన్నిహితమైన ఉదాహరణ మరియొకటి కలదు. 1921 మార్చి 31న బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధిని, కోటిమంది సభ్యులను, ఇరువదిలక్షల రాట్నములను జూన్ నెలాఖరులోపల సమకూర్చవలెనని తీర్మానించినది. నిధికి చందా లెత్తవచ్చును, సభ్యులకు రసీదు లీయవచ్చును. ఇరువదిలక్షల రాట్నములు మాత్రము వడ్రంగి పనిబల్లమీదనుండి రావలసినవే. రాట్నము చూపునకు సులభమైన వస్తువు. దాని చక్రము ఇరుసుపై ఊగులాడినను, కదురు వెంట్రుకవాసి వంగినను, చక్రమును కదురును ఒక్క వరుసలో నిలువకపోయినను దారము తెగును, వడకువాని ఓపికయు తెగును. నూతన నమూనాను ఊరూర చేయింపవలెనన్న కొలతలు కాగితముమీదికి రాక తప్పదు. 1924లో మగన్‌లాల్ గాంధీ చర్ఖాశాస్త్రమను పుస్తకమును వెలువరించెను. 1929లో అఖిలభారత చర్ఖాసంఘము ఉత్తమమైన రాట్నమునకు లక్షరూపాయల బహుమానము ప్రకటించుచు, దాని వెల నూటయేబదిరూపాయలకు మించరాదనియు, ఇరువదియేండ్లు మన్నవలెననియు నియమములు విధించినది. 1937లో జాకీర్ హుస్సేన్ సంఘము ప్రాథమికవిద్యకు ప్రణాళిక రచించినప్పుడు నూలువడకుట, నేతపనులతోపాటు వడ్రంగమును కూడ మూలవృత్తులలో చేర్చి, ఏ తరగతిలో ఏది నేర్పవలెనో వరుసగా వ్రాసిపెట్టినది. వంశములో నిలిచిన విద్యను పాఠముగా మార్చి, కోరినవాని కెల్ల అందింపవచ్చునను విశ్వాసము ఈ యత్నములన్నిటికి పునాది.

ఆ విశ్వాసము సరియైనదా యని పరీక్షింపవలెనన్న, పుస్తకము దేనిని చక్కగా చెప్పగలదో ముందు చూడవలెను. అది అన్నిటికంటె బాగుగా చెప్పునది కారణము. కొయ్య చచ్చిన పదార్థమని కొత్తవాడు తలచును. కోసి యేండ్లయినను అది గాలిలోని తేమను పీల్చుకొనుచు, వదలుచు, పెరుగుచు, తరుగుచునే యుండును. మన రేగడిభూమి ఎండకాలమున చేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చి, తొలకరి పడగనే మరల కలిసికొనునట్లే, పలకయు వైశాఖమున కుంచించుకొని కార్తికమున ఉబ్బును. కాని ఈ మార్పు అన్నిదిక్కుల సమానముగా జరుగదు. నారవెంబడి పొడవున కలుగు మార్పు లెక్కకు రానంత స్వల్పము. వెడల్పున కలుగునది లెక్కింపక తప్పనిది. అందులోను మాను వలయముల చుట్టుదిశలో కలుగు తరుగు, నడిబొడ్డునుండి బెరడువైపునకు పోవు దిశలోని తరుగుకంటె సుమారు రెండింతలుండును. రెంటచింతల యెండలో సులువుగా మూతపడిన తలుపు చీరాల సముద్రపుగాలిలో బిగుసుకొనుటకు ఇదియే హేతువు. పాత తలుపులలో నడిమి పలకను చట్రపు గాడిలో వదులుగా కూర్చుండబెట్టి, జిగురుగాని మేకుగాని తగులనీయకుండుటకును ఇదియే హేతువు: పలక తన యిష్టమువచ్చినట్లు కదలుటకు చోటు దొరకనిచో నడిమికి చీలును. వృద్ధుడైన వడ్రంగి ఈ పనిని తప్పక చేయును. ఎందుకని యడిగిన, మా పెద్దలు ఇట్లే చేసిరని చెప్పును. పుస్తకము ఎందుకో చెప్పును. కారణము తెలిసినవాడు ఎన్నడును చూడని వస్తువును చేయవలసివచ్చినప్పుడు కూడ దారితప్పడు.

రెండవది క్రమము. తలుపుచట్రపు మూలను తీసికొందము. నిలువుపట్టెలో బెజ్జము తొలిచి, అడ్డపట్టె కొనను కుసిగా చెక్కి అందులో దూర్చుట ఆ మూలకు ప్రాణము. పట్టె మందమును మూడుపాళ్లు చేసి నడిమిపాలు కుసికి ఉంచవలెనని గ్రంథములు చెప్పును. కుసి అంతకంటె లావైనచో బెజ్జపు గోడలు పలుచబడి పగులును. సన్నమైనచో కుసియే విరుగును. పట్టె నాలుగు ముఖములలో చిత్రికపట్టి సరిచేసిన ఒక ముఖమును, దాని ప్రక్కనున్న ఒక అంచును గుర్తువేసికొని, కొలతలన్నియు ఆ రెంటినుండియే తీయవలెను. ఒక కొలత ఈ వైపునుండి, మరియొకటి ఆ వైపునుండి తీసినచో పట్టె మందములోని చిన్న తేడాలన్నియు కూడి మూల మెలిపడును. గీతను సీసపుకడ్డీతో కాక కత్తిమొనతో గీయవలెను. కత్తి తెంచిన నారయొద్ద ఉలి తానుగా నిలుచును. రంపమును గీతకు వెలుపల, పారవేయబోవు భాగములో నడిపి, గీతను మిగుల్చుకొనవలెను. బెజ్జము ముందు తొలిచి కుసిని తరువాత దానికి సరిపెట్టవలెను. కుసిని తరుగుట సులభము, బెజ్జమును తగ్గించుట అసాధ్యము. బెజ్జమును ఒకవైపునుండియే ఆవలికి పొడువక, చెరిసగము రెండువైపులనుండి తొలిచినయెడల వెలుపలి అంచులు చిట్లవు. చేతితో నొక్కిన సగము దూరి, కొయ్యసుత్తితో మెల్లగా తట్టిన మిగిలినది దూరినచో ఆ సంధి కుదిరినట్లు. ఈ మాటలలో ఒక్కటియు చేతికి నేర్పునీయదు గాని, చేయి పదిసార్లు తప్పుదారిన పోకుండ కాచును.

మూడవది పదును. కొత్తగా నేర్చుకొనువారు కొయ్యను నిందించు సందర్భములలో పెక్కింట దోషము ఉలిది. ఉలి ఏటవాలును సుమారు 25 డిగ్రీలకు అరగదీసి, కొనయంచును మాత్రము 30 డిగ్రీలకు సానమీద పెట్టి, వెనుకవైపును అద్దమువలె చదును చేయవలెనని పుస్తకములు చిత్రసహితముగ చూపును. సానపట్టగా అంచున సన్నని ఇనుపపొర వెనుకకు మడిగినట్లు వ్రేలికి తగులువరకు రుద్ది, దానిని మరలించి తొలగించిన పిమ్మట, ఆ ఉలి మెత్తని మామిడిచెక్క కొననారను నలుపక కోసి నున్నని ముఖము తేర్చినయెడల పదును కుదిరినదని తెలియును. ఒక చెక్కముక్కపై తానుగా చేసి చూచుకొనదగిన పరీక్ష ఇది; ప్రక్కన గురువు లేకున్నను తీర్పు కొయ్యయే చెప్పును.

ఇక పుస్తకము చేరజాలని చోటు. ఇంగ్లండులోని ఫార్నం పట్టణమున జార్జి స్టర్ట్ అను ఉపాధ్యాయుడు 1884లో తండ్రి మరణించగా బండిచక్రముల కార్ఖానాకు యజమాని కావలసివచ్చెను. ఆయన బాగుగ చదువుకొన్నవాడు, పని యెరుగనివాడు. తన క్రింది పనివారియొద్దనే శిష్యుడై నేర్చుకొని, 1923లో ఆ వృత్తినిగూర్చి ఒక మహాగ్రంథమును ప్రకటించెను. ఏ కొలతబద్దకును లొంగని ఒక జ్ఞానము ఆ పనివారి కండ్లలోను చేతులలోను ఉండెనని ఆయన గ్రంథమంతట అనుభవపూర్వకముగ నిరూపించెను. మన బండిచక్రమును చూచినను ఆ మాట నిజమే. నడుమ కుండ, దానినుండి వెలికి చిమ్మిన ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు, అన్నిటిపై ఇనుపపట్టా. పట్టాను చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా చేసి, పిడకలమంటలో ఎఱ్ఱగా కాల్చి, అది వ్యాకోచించి యుండగా చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్లు పోయుదురు. అది చల్లారి ముడుచుకొనుచు పూటీలను ఆకులను కుండలోనికి బిగించును. ఎంత తక్కువ చేయవలెను? ఆకులు ఎంత ఎండినవి, కుండలోని తుమ్మకొయ్య ఎంత ముదురుది, కుసులలో ఎంత సందున్నది అనువానిని బట్టి ఆ కొలత మారును. ఎక్కువైన ఆకులు వంగును. తక్కువైన ఎండకాలపు బాటలో పట్టా ఊడిపోవును. ఆ నిర్ణయము ఆచారి కంటిలో ఉన్నది. చిత్రిక నార కెదురుగా పోవుచున్నప్పుడు మారు ధ్వనిని, ఉలిక్రింద కొయ్య చీలబోవుటకు ముందు చేతికి తగులు చిన్న అదురును అక్షరములలో పెట్టగలవాడు పుట్టలేదు. ఫోనులో చూచు వీడియో చేతి కదలికను చూపగలదు, ఆ అదురును చూపజాలదు.

అందుచేత గ్రంథమా గురువా యని వాదులాడుట వ్యర్థము. గ్రంథము కారణమును, క్రమమును, కొలతను ఇచ్చును. గురువు స్పర్శను దిద్దును. అభ్యాసము ఆ రెంటిని ఒకటి చేయును. వడ్రంగి ఇంట పుట్టనివానికి మాత్రము గ్రంథమే ప్రవేశద్వారము. ఇక్కడనే మన తెలుగువారి లోటు పెద్దదిగా కనిపించుచున్నది. జె.ఎస్. గాంబుల్ అను అటవీశాఖాధికారి 1881లో ఇంగ్లీషున ప్రకటించిన భారతీయ కలపల గ్రంథములో మన చెట్లకు తెలుగు పేర్లు కూడ చేర్చినాడు. పారిశ్రామిక శిక్షణసంస్థలలో వడ్రంగపు తరగతులు కలవు. 1986లో మద్రాసున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సంస్థ, నేడు నిమి యని పిలువబడునది, ఆ విద్యార్థులకు అభ్యాసపాఠములను సిద్ధాంతపాఠములను వేర్వేరుగా ముద్రించుచున్నది. అవి ఉపయుక్తములే, కాని పరీక్షకు కూర్చుండువాని అవసరమునకై వ్రాయబడినవి. అద్దంకిలోనో పర్చూరులోనో ఇంటిపెరటిలో పనిబల్ల వేసికొన్నవానికి వేప, నల్లతుమ్మ, టేకు, ఏగిస, తాటిదూలము, ఇప్పుడు ఒంగోలు ప్రాంతమున విస్తారముగ పెంచుచున్న సుబాబుల్ మొదలగు వాని స్వభావమును, ఇక్కడి యెండను, ఇక్కడి తేమను, ఇక్కడి ఆచారుల పలుకుబడిని ఎరిగినట్టి పుస్తకము కావలెను.

అట్టి పుస్తకమునకు పునాది వేయగల పరిశ్రమ ఈ నేలనుండియే పుట్టినది. ఒంగోలున జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటమును, వ్యవసాయపదములతో, ప్రకటించినది. రైతుల నోటినుండి విని, ఒకే వస్తువును ఏ సీమవారు ఏమందురో వ్రాసికొనిన గ్రంథమది. వేటపాలెమున జన్మించిన బూదరాజు రాధాకృష్ణ ఆ ప్రణాళికలోనే గృహనిర్మాణపదములను సంకలనము చేసెను. అదే వేటపాలెములో 1918లో స్థాపితమైన సారస్వతనికేతనమను గ్రంథాలయపు భవనమునకు 1929లో మహాత్ముడు శంకుస్థాపన చేసెను. పదములను సేకరించిన పండితులును, పుస్తకమును పల్లెకు తెచ్చిన గ్రంథాలయోద్యమమును మనకు ఉండగా, పనిని పాఠముగా వ్రాయుట యొక్కటియే మిగిలియున్నది.

ఇప్పుడే నేర్వగోరు పాఠకునకు నాలుగు మాటలు. పెద్ద పెట్టెడు పనిముట్లు కొనవలదు. ఒక రంపము, రెండు ఉలులు, ఒక చిత్రిక, మూలమట్టము, కొయ్యసుత్తి, మంచి సానరాయి చాలును. మొదట పచ్చికలపను ముట్టవలదు. గాలికి ఆరుటకు అంగుళపు మందమున కొక సంవత్సరమను స్థూలలెక్కను జ్ఞప్తియందుంచుకొని, ఆరిన చెక్కనే తెచ్చుకొనుము. పుస్తకములోని ఒక పాఠమును ఒక్కసారి చదివి విడువక, చదివి చేసి, చేసిన దానిని ముందుంచుకొని మరల చదువుము. రెండవసారి చదువునప్పుడు మొదట కంటబడని వాక్యములు కంటబడును. పీట చేయుటకు ముందు నాలుగు కుసులను వ్యర్థపు ముక్కలపై చెక్కి, కోసి లోపల చూడుము. ఇదంతయు అయిన పిదప ఆ ముక్కలను చేతబట్టుకొని మీ ఊరి ఆచారిగారి యొద్దకు వినయముగ వెళ్లుము. ఏమియు రానివాడు అడిగిన ప్రశ్నకు ఆయన చిరునవ్వుతో ఊరకుండవచ్చును. చెడగొట్టిన కుసిని చూపి ఇది ఎచ్చట తప్పినదని అడిగినవానికి ఆయన చేతికి ఉలి తీసికొని చూపును.

ఇక ప్రచురణకర్తలకును, విశ్వవిద్యాలయములకును, శిక్షణసంస్థలకును నా విజ్ఞప్తి. బండిచక్రము కట్టగల వృద్ధులు మన పల్లెలలో ఇంకను కొందరున్నారు. వారి చెంత ఒక రచయితను, ఒక చిత్రకారుని కూర్చుండబెట్టి, వారు చెప్పునదియు చేయునదియు కొలతలతో, బొమ్మలతో, వారి మాటలతోనే వ్రాయించి, వారి పేర్లను ముఖపత్రముపై అచ్చువేసి, ప్రతి శాఖాగ్రంథాలయమునకు ఒక్కొక్క ప్రతిని పంపవలెను. ఈ పని చేయుటకు ధనముకంటె శీఘ్రత ముఖ్యము. ఆ వృద్ధులు ఉన్నంతకాలమే ఇది సాధ్యము.